జబ్బు పడని పందుల దగ్గరే అసలు చిక్కు

పందులు పెంచేవాళ్లకు నిద్ర పట్టనివ్వని జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. అది దొడ్డిలోకి దిగిందంటే కొద్ది రోజుల్లోనే దాదాపు అన్నీ పోతాయి. 2018లో చైనాలోకి వచ్చాక ప్రపంచంలోనే అతి పెద్ద పందుల మందను కుదిపేసింది. అయితే ఆ వైరస్ మనిషికి సోకదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ కూడా సోకదు. పంది పిల్లలకు ఊపిరాడకుండా చేసి, చూడి పందులు ఈసుకుపోయేలా చేసే పీఆర్‌ఆర్‌ఎస్ కూడా అంతే. వీటిలో ఏది వచ్చినా పెంపకందారు ఆర్థికంగా మునిగిపోతాడు తప్ప అతని ప్రాణానికి ముప్పేమీ లేదు.

మనిషికి సోకే వైరస్‌ల తీరు చాలావరకు దీనికి తిరగబడి ఉంటుంది. వాటివల్ల పంది చావడం తక్కువ. కొన్నిసార్లు రెండు రోజులు మేత తగ్గిస్తుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. నాలుగైదు పందులు పెంచుకునే ఇంట్లో వాటి ఆరోగ్యాన్ని చూసే పద్ధతి ఒకటే: మేత తింటోందా, లేచి తిరుగుతోందా, బరువు పెరుగుతోందా. అనుభవం ఉన్న కంటికి ఇది చాలా బాగా పనిచేస్తుంది కూడా. కానీ మనిషికి ప్రమాదమైన వైరస్‌లు ఈ చూపుకు చిక్కవు. చిన్న దొడ్ల గురించి జరిగే చర్చంతా శుభ్రత చుట్టూనే తిరుగుతుంది. అసలు చిక్కు మాత్రం ఇక్కడుంది.

హెపటైటిస్ ఇ సంగతే చూద్దాం. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే పచ్చకామెర్ల జబ్బుగానే దీన్ని చాలాకాలం చూశారు. 1997లో అమెరికాలో పందుల నుంచి ఈ కుటుంబానికే చెందిన వైరస్‌ను గుర్తించాక లెక్క మారింది. ఇందులో 1, 2 రకాలు మనుషుల్లోనే తిరుగుతాయి. 3, 4 రకాలకు పంది ప్రధాన ఆవాసం, అక్కడి నుంచి మనిషికి వస్తాయి. తల్లి ముర్రుపాల నుంచి దక్కిన రక్షణ తగ్గిపోయే రెండు మూడు నెలల వయసులో పంది పిల్లలకు సోకుతుంది. కొన్ని వారాల పాటు పెంటలో వైరస్ బయటికి పోతూనే ఉంటుంది. ఆ పిల్ల తింటుంది, ఆడుతుంది, బరువు పెరుగుతుంది. చూసేవాళ్లకు తేడా ఏమీ కనిపించదు. చాలా దేశాల్లో రక్తపరీక్షలు చేసినప్పుడు పెద్ద సంఖ్యలో పందులకు ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకినట్టు తేలింది.

కోతకు వచ్చే వయసుకు చాలా పందులు ఈ వైరస్‌ను వదిలించుకుంటాయి. కొన్నిటి కాలేయంలో మాత్రం మిగిలిపోతుంది. పెద్ద ఫారాల్లో కోత వయసు ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. ఇంటి పెంపకంలో అలా కుదరదు. డబ్బు అవసరం పడితే నాలుగు నెలల పిల్లను కూడా కోసేస్తారు. ఆ తేడా చిన్నదిగా అనిపించినా వైరస్ వైపు నుంచి చూస్తే పెద్దదే. లేత వయసులో కోసిన పంది కాలేయంలో వైరస్ ఉండే అవకాశం ఎక్కువ. జపాన్‌లో పచ్చి, సగం ఉడికిన పంది కాలేయం తినే అలవాటుకూ హెపటైటిస్ ఇ కేసులకూ సంబంధం బయటపడింది. 2015లో హోటళ్లలో పచ్చి పంది మాంసం వడ్డించడాన్నే అక్కడ నిషేధించారు. ప్రయోగశాలలో సోకిన కాలేయాన్ని 56 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచినా వైరస్ బతికే ఉంది. అదే కాలేయాన్ని ఐదు నిమిషాలు బాగా మరిగించి ఉడికిస్తే నశించింది. అంటే పైపైన వేయించి లోపల ఎర్రగా ఉంచిన ముక్కతోనే భయం, పూర్తిగా ఉడికిన కూరతో కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామందికి ఇది సోకినా తెలియకుండానే పోతుంది. కాలేయ జబ్బులున్నవాళ్లకు, అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లకు మాత్రం ఇది ప్రమాదకరం. మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఇది దీర్ఘకాలం మొండికేయగలదని 2008లో తేలింది.

మెదడువాపు జబ్బు, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, దారి వేరు. ఇందులో పందికీ మనిషికీ మధ్య దోమ ఉంటుంది. వరి మళ్లలో, నిలవ నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమలు కొంగల నుంచి, పందుల నుంచి వైరస్‌ను ఎత్తుకుంటాయి. పంది రక్తంలో కొద్ది రోజుల పాటు వైరస్ ఎంత ఎక్కువగా ఉంటుందంటే, ఆ రోజుల్లో కుట్టిన దోమలు చాలా తేలిగ్గా వైరస్‌ను మోసుకెళ్తాయి. మనిషి రక్తంలో అంత ఎక్కువ ఉండదు కాబట్టి మనిషి నుంచి ఇంకొకరికి పాకదు. ఆవులు, గేదెల సంగతీ అంతే. ఆ దోమలు వాటిని బాగా ఇష్టపడతాయి కానీ వాటిలో వైరస్ పెరగదు. పంది విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఒకసారి సోకిన పందికి రక్షణ వస్తుంది. కానీ ఏడాది తిరగకుండానే ఆ పంది కోతకు పోయి, దాని స్థానంలో ఏ రక్షణా లేని కొత్త పిల్లలు వస్తాయి. ప్రతి వానాకాలానికీ వైరస్‌కు కొత్త మేత సిద్ధంగా ఉన్నట్టే.

సోకినవాళ్లలో జబ్బు బయటపడేది ఒక శాతం కంటే తక్కువ మందిలోనే. బయటపడితే మాత్రం పరిస్థితి దారుణం. మెదడువాపు వచ్చినవాళ్లలో 20 నుంచి 30 శాతం మంది చనిపోతారు, బతికినవాళ్లలోనూ చాలామందికి పక్షవాతం, ఫిట్స్, మందబుద్ధి లాంటివి మిగిలిపోతాయి. ఎక్కువగా బలయ్యేది పిల్లలు. పంది వైపు ముఖ్యంగా కనిపించే గుర్తు ఒక్కటే: చూడి పందులు చచ్చిన పిల్లల్ని, ఎండిపోయి నల్లబడిన పిల్లల్ని ఈనుతాయి. ఇదే గుర్తు 2022 ఆరంభంలో ఆస్ట్రేలియాను అప్రమత్తం చేసింది. అంతకుముందు దేశపు ఉత్తర కొసకే పరిమితమైన వైరస్ ఒక్కసారిగా ఆగ్నేయ రాష్ట్రాల ఫారాల్లో కనిపించింది. ఈనుడు లెక్కలు రాసి పెట్టుకునే ఫారాలు కాబట్టి తేడా వెంటనే తెలిసింది. ఒకటే ఆడపంది ఉన్న ఇంట్లో ఓ ఈత పాడైతే ఆ ఏడు కలిసిరాలేదనుకుని పిల్లల్ని పాతిపెట్టేస్తారు. అంతకుమించి చేయడానికి వాళ్లకు కారణమూ కనిపించదు.

పందుల్ని ఇళ్లకు దూరంగా తరలిస్తే సరిపోతుందన్న సలహా ఎక్కడ చూసినా వినిపిస్తుంది. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలోని బాదు దీవిలో దీన్ని ఆచరణలో పెట్టి చూశారు. 1995లో అక్కడ ముగ్గురికి మెదడువాపు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. పెరళ్లలో పందులు పెంచడం అక్కడ మామూలే. తర్వాత ఆ పందుల్ని ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉమ్మడి దొడ్డికి మార్చారు. ఆ తర్వాత పట్టిన దోమల్లోనూ వైరస్ దొరికింది. తరలింపు పూర్తిగా వృథా అని దీని అర్థం కాదు, అదొక్కటే సరిపోదని మాత్రం అర్థం. దోమ కిలోమీటర్లు ఎగరగలదు, కొంగలు ఎక్కడైనా వాలతాయి. ఈ జబ్బు విషయంలో పంది వెనక పరిగెత్తడం కంటే పిల్లలకు టీకా వేయించడమే ఎక్కువ ఫలితమిచ్చే పని. మంచి టీకాలు అందుబాటులో ఉన్న జబ్బు ఇది.

పంది నుంచి మనిషికి వచ్చిన వైరస్‌లలో అన్నిటికంటే భయంకరమైన కథ నిపాది. 1998 సెప్టెంబరులో మలేషియాలోని పెరాక్ రాష్ట్రం, ఇపో పట్టణం చుట్టుపక్కల పందుల పెంపకందార్లు తీవ్రమైన జ్వరం, మెదడువాపుతో ఆస్పత్రుల పాలయ్యారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. టీకాలు వేశారు, దోమల మందు కొట్టారు. నెలలు గడిచినా తగ్గలేదు. నిజానికి తేడాలు ముందునుంచే కళ్లెదుట ఉన్నాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ పిల్లల్ని ఎక్కువగా పట్టే జబ్బు, ఇక్కడ పడిపోతున్నది పెద్దవయసు మగవాళ్లు. దోమ అయితే చుట్టుపక్కల ఎవరినైనా కుడుతుంది, ఇక్కడ పందుల్ని చేత్తో ముట్టుకున్నవాళ్లకే వస్తోంది. టీకా వేయించుకున్నవాళ్లూ పడిపోయారు. పైగా పందులు కూడా దగ్గుతున్నాయి, దూరానికి వినిపించేంత గట్టిగా, మొరిగినట్టుగా. కానీ వాటిలో చనిపోయినవి నూటికి ఐదు లోపే. పందులకు దగ్గు కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇపో దగ్గర పందులకు ఏదో అయిందని తెలిశాక జరిగింది ఇంకా ముఖ్యం. ఉన్నవాటిని అయినకాడికి అమ్మేసుకున్నారు. లారీలెక్కిన పందులతో పాటు వైరస్ కూడా దక్షిణాన నెగెరి సెంబిలాన్ రాష్ట్రానికి చేరింది. అక్కడి సుంగై నిపా గ్రామం పేరే ఈ వైరస్‌కు వచ్చింది. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయానికి చెందిన చువా కా బింగ్ రోగి నుంచి తీసిన కొత్త వైరస్‌ను గుర్తించాక గానీ దోమల మీద యుద్ధం ఆగలేదు. మలేషియాలో 265 మందికి సోకి 105 మంది చనిపోయారు. సింగపూర్‌లో మలేషియా నుంచి వచ్చిన పందుల్ని కోసే కబేళా పనివాళ్లు 11 మందికి సోకింది, ఒకరు మరణించారు. పది లక్షలకు పైగా పందుల్ని చంపేశారు.

వైరస్ అసలు ఇల్లు పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. మొదట జబ్బు కనిపించిన ఫారంలో షెడ్ల పక్కనే మామిడి చెట్లుండేవి. రాత్రిళ్లు గబ్బిలాలు కొరికి వదిలేసిన పండ్లు పందుల ముందు పడి ఉంటాయని పరిశోధకుల అంచనా. ఇక్కడో విషయం గుర్తుంచుకోవాలి. అది నాలుగు పందుల పెరడు కాదు, ముప్పై వేలకు పైగా పందులున్న ఫారం. ఎప్పటికప్పుడు కొత్త పిల్లలు పుడుతూ ఉండే అంత పెద్ద మంద కాబట్టే వైరస్ అక్కడ ఆరిపోకుండా నెలల తరబడి తిరగగలిగింది. పది పందులున్న దొడ్డిలో అయితే సోకాల్సినవాటికి సోకి, కొద్ది వారాల్లో అక్కడికక్కడే ఆగిపోయే అవకాశం ఎక్కువ.

అందుకే చిన్న దొడ్లే రోగాల పుట్టలు అన్న మాటను యథాతథంగా ఒప్పుకోలేం. అలాగని చిన్నవాళ్ల పెంపకం సహజమైనది కాబట్టి సురక్షితం అన్నదీ నిజం కాదు. చిన్న దొడ్డిలో నిప్పురవ్వ పడే అవకాశాలు ఎక్కువ, పెద్ద ఫారంలో అంటుకోవడానికి గడ్డి ఎక్కువ. అడవి పందులు, గబ్బిలాలు, కొంగలు, బాతులు, కోళ్లు, ఇంటి మనుషులు అందరూ కలిసేది చిన్న దొడ్డిలోనే. ఒకే మగపందిని కట్టించడానికి ఊళ్లో దొడ్డి నుంచి దొడ్డికి తిప్పడం, హోటళ్ల మిగులు తెచ్చి కుడితిలో కలపడం, ఇంటి ముందే కోసుకోవడం, ఒకే వ్యాపారి పది ఇళ్లు తిరిగి ఒకే బండిలో పందుల్ని ఎక్కించుకోవడం, ఇవన్నీ చిన్న పెంపకంలో మామూలే. ఆ వ్యాపారి బండి చివరికి ఆగేది పెద్ద ఫారం దగ్గరో, పెద్ద కబేళా దగ్గరో. రెండు వ్యవస్థలూ వేర్వేరుగా ఉన్నాయనుకోవడం కాగితాల మీద మాటే.

ఫ్లూ విషయంలో ఈ కలగాపులగం మరింత ముఖ్యం. పక్షుల ఫ్లూ వైరస్‌లు అతుక్కునే కణాలూ, మనుషుల ఫ్లూ వైరస్‌లు అతుక్కునే కణాలూ పంది శ్వాసనాళంలో రెండూ ఉంటాయి. ఒకే పందికి రెండు రకాలు ఒకేసారి సోకితే వాటి జన్యువుల ముక్కలు అటూ ఇటూ మారి కొత్త వైరస్ పుట్టొచ్చు. 2009లో ప్రపంచమంతా తిరిగిన హెచ్1ఎన్1 ఇలాగే ఉత్తర అమెరికా, యూరేషియా పందుల వైరస్‌ల ముక్కలు కలిసి తయారైంది. మెక్సికో, అమెరికాల్లో మనుషుల్లో బయటపడింది. పందికి ఫ్లూ వచ్చినా మనిషికి వచ్చినట్టే ఉంటుంది: జ్వరం, ముక్కు కారడం, దగ్గు, మేత మానేయడం, వారం రోజుల్లో మామూలైపోవడం. పశువైద్యుడిని పిలిచేలోపే తగ్గిపోయే జబ్బు కోసం ఫీజు కట్టేదెవరు?

2024 అక్టోబరులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో బయటపడిన కేసు చిన్న పెంపకం గురించి చాలా చెబుతుంది. అది వ్యాపారం కోసం కాకుండా ఇంటికోసం నడిపే చిన్న ఫారం. కోళ్లు, బాతులు లాంటి పక్షులకు హెచ్5ఎన్1 పక్షుల ఫ్లూ సోకింది. అక్కడే ఐదు పందులున్నాయి. పక్షులూ పశువులూ ఒకే చోట ఉండేవి, నీళ్ల తొట్లు, పనిముట్లు అన్నీ ఉమ్మడే. పందుల్లో ఏ లక్షణాలూ లేవు. అయినా పరీక్ష చేస్తే రెండింటికి పాజిటివ్ వచ్చింది. ఆ దేశంలో పందుల్లో హెచ్5ఎన్1 దొరకడం అదే మొదటిసారి. కోళ్లు చనిపోకపోయి ఉంటే ఆ పందుల్ని పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. ఒక రకంగా అక్కడ పందుల సంగతి బయటపెట్టింది కోళ్లే.

ఫ్లూ దారి ఒకవైపే కాదు. 2009లో కెనడాలోని ఆల్బెర్టాలో ఒక ఫారంలోని పందులకు కొత్త హెచ్1ఎన్1 సోకింది, అది మనుషుల నుంచే వచ్చిందని భావించారు. ఆ తర్వాత ఇలాంటివి అనేక దేశాల్లో కనిపించాయి. జలుబుతో ఉన్న మనిషి పందులకు మేత వేయడానికి వెళ్లకపోవడం పంది కోసమే కాదు, తర్వాత ఆ పందిలో పుట్టబోయే వైరస్ రాకుండా కూడా. పందుల దగ్గర పనిచేసేవాళ్లు మామూలు ఫ్లూ టీకా వేయించుకోవాలని చెప్పడంలో ఉద్దేశం ఇదే. అది పందుల ఫ్లూ నుంచి పెద్దగా కాపాడకపోయినా, రెండు వైరస్‌లు కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఇంటి పెంపకంలో మేత వేసేది, కుడితి కలిపేది చాలాచోట్ల ఆడవాళ్లు, పిల్లలు. జలుబు చేసినా ఆ పని చేయడానికి ఇంకొకరు ఉండరు. సలహా బాగానే ఉంటుంది కానీ అది చెప్పేవాళ్లు ఈ చిన్న విషయాన్ని మర్చిపోతుంటారు.

అమెరికా పశువుల ప్రదర్శనల్లో పిల్లలు తాము పెంచిన పందుల్ని తెచ్చి రోజుల తరబడి పక్కనే ఉంటారు. 2012లో ఈ ప్రదర్శనల ద్వారా హెచ్3ఎన్2 రకం పందుల ఫ్లూ 300 మందికి పైగా సోకింది, ఎక్కువమంది పిల్లలే. అప్పటినుంచి పందుల్ని ప్రదర్శనలో 72 గంటలకు మించి ఉంచొద్దని సూచిస్తున్నారు. పందుల్లో వైరస్ పాకి పెరగడానికి వ్యవధి ఇవ్వకూడదన్నదే ఇందులో లెక్క. ఏ మందూ లేకుండా, కేవలం సమయాన్ని కుదించి ప్రమాదాన్ని తగ్గించే పద్ధతి ఇది. సంతల్లో, వ్యాపారుల దొడ్లలో కూడా ఇది పనికొస్తుంది. రకరకాల ఇళ్ల పందులు వారాల తరబడి ఒకే చోట కలిసి ఉండకుండా చూస్తే చాలావరకు పనైపోతుంది.

చిన్న దొడ్డిలో ఖర్చు లేకుండా చేయగలిగేవి ఇంకా ఉన్నాయి. కోళ్లు, బాతులు తాగే నీళ్లు పందులకు వేరు చేయడం, దొడ్డిలోకి వెళ్లేటప్పుడు వేరే చెప్పులు వేసుకోవడం, పాక మీదికి వంగిన పండ్ల కొమ్మలు కొట్టేయడం, పెంట బావికి దూరంగా వేయడం. కొత్తగా కొన్న పందిని మూడు నాలుగు వారాలు విడిగా కట్టడం మాత్రం చెప్పినంత తేలిక కాదు, దానికి ఇంకో పాక కావాలి. కోసేటప్పుడు, ముఖ్యంగా చచ్చిన పిల్లల్ని ఈనిన పందికి పురుడు పోసేటప్పుడు చేతులకు తొడుగులుండాలి. 1997లో ఆస్ట్రేలియాలో మెనాంగిల్ అనే కొత్త వైరస్ ఒక ఫారంలో చచ్చిన, వికృతంగా ఉన్న పిల్లలు పుట్టడంతోనే బయటపడింది. పందులతో పనిచేసే ఇద్దరికి అది సోకి గట్టి జ్వరం వచ్చింది. అక్కడ కూడా దగ్గర్లో గబ్బిలాల గుంపు ఉంది.

పరీక్షల దగ్గర ఇంకో లోటు ఉంది. పందులు జబ్బుపడినప్పుడు నమూనాలు వెళ్లేది పందుల్ని చంపే జబ్బుల కోసమే. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ నెగటివ్ అనగానే అందరూ ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేస్తారు. 2008లో ఫిలిప్పీన్స్ పందుల్లో పీఆర్‌ఆర్‌ఎస్ తీవ్రంగా ఉందని నమూనాలు అమెరికా ప్రయోగశాలకు పంపితే, పీఆర్‌ఆర్‌ఎస్‌తో పాటు రెస్టన్ ఎబోలా వైరస్ కూడా దొరికింది. అప్పటిదాకా అది కోతుల్లోనే తెలుసు. పందులతో పనిచేసేవాళ్లలో ఆరుగురి రక్తంలో దానికి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కనిపించాయి. అదృష్టవశాత్తూ రెస్టన్ రకం మనిషికి జబ్బు చేసినట్టు ఇప్పటిదాకా తెలియదు. అది ఎన్నాళ్లుగా ఆ పందుల్లో ఉందో ఎవరికీ తెలియదు, వెతికింది దానికోసం కాదు కాబట్టి.

పెంపకందారు తనంతట తాను చెప్పడం మీదే ఎక్కువ ఆధారపడాలి. అక్కడ ప్రభుత్వాల నడత పెద్ద అడ్డంకి. 2009లో ఈజిప్టు ప్రభుత్వం స్వైన్ ఫ్లూ భయంతో దేశంలోని సుమారు మూడు లక్షల పందుల్ని చంపమని ఆదేశించింది. అప్పటికి అక్కడ మనుషుల్లో ఒక్క కేసూ లేదు, పందుల్లోనూ లేదు. ఆ పందుల్లో చాలావరకు కైరోలో చెత్త ఏరుకుని బతికే జబ్బాలీన్ కుటుంబాలవి. నగరపు తిండి చెత్తంతా తినేది ఆ పందులే. అవి పోయాక వీధుల్లో చెత్త పేరుకుపోయింది, ఆ కుటుంబాల బతుకు చితికిపోయింది. ఫ్లూ మాత్రం తర్వాత మనుషుల ద్వారానే దేశంలోకి వచ్చింది. ఈ కథ విన్న ఏ పెంపకందారు తన పంది దగ్గుతోందని అధికారికి కబురు పెడతాడు? మార్కెట్ ధరకు దగ్గరగా, వారాల్లోనే చేతికందే పరిహారం ఉంటే కబురు వస్తుంది. లేకపోతే ఆ రాత్రే వ్యాపారి బండి వస్తుంది, పెరాక్‌లో వచ్చినట్టే.